పోలీసులు, నక్సలైట్ల మీద ఒక తొలి సినిమా: సమీక్షకులకు ప్రేక్షకుడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సినిమా సమీక్షకులకు, సినిమా పేజీలు చూసే సంపాదకులకు,

నమస్కారం. నేను పూర్వపు కరీంనగర్ జిల్లాలో పుట్టి పెరిగి, అక్కడే ఒక ప్రభుత్వ బడిలో పాఠాలు చెబుతున్నవాణ్ణి. సినిమా పరిశ్రమలో నాకు చుట్టాలు, స్నేహితులు ఎవరూ లేరు. టికెట్టు కొనుక్కుని సినిమా చూస్తాను, మీ సమీక్షలు క్రమం తప్పకుండా చదువుతాను.

కొన్ని నెలల కింద ఒక కొత్త దర్శకుడి తొలి సినిమా వచ్చింది. పోలీసులు, నక్సలైట్ల నేపథ్యంలో తీసిన పొలిటికల్ థ్రిల్లర్. దాని మీద వచ్చిన సమీక్షలు చదివి, వాటిలో నాకు తప్పుగా తోచిన విషయాలను వివరిస్తూ మీలో కొందరికి ఉత్తరాలు రాశాను. సంపాదకులకూ రాశాను. ఎవరి దగ్గరి నుంచీ జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

సినిమా పేరు చెప్పడం లేదు. అది థియేటర్ల నుంచి ఎప్పుడో వెళ్లిపోయింది, దానికి ప్రచారం చేసిపెట్టడం నా పని కాదు. రేపో మాపో ఇదే కథావస్తువుతో ఇంకో కొత్త దర్శకుడు వస్తాడు. అప్పుడు కూడా మీరు ఇలాగే రాస్తారేమోనన్నదే నా ఆందోళన.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. తొంభైలలో ఉత్తర తెలంగాణలోని ఒక పోలీస్ స్టేషన్. ఊరి చివర గుట్టల్లో ఎదురుకాల్పులు జరిగి ఒక దళ సభ్యుడు చనిపోయాడని ప్రెస్ నోట్ వస్తుంది. కాగితాలు సిద్ధం చేసే పని ఒక హెడ్ కానిస్టేబుల్ మీద పడుతుంది. చనిపోయిన కుర్రాడి చొక్కా జేబులో అతనికి ఒక బస్సు టికెట్టు దొరుకుతుంది. దాని మీదున్న తేదీకి, ప్రెస్ నోట్‌లో రాసిన కథకు పొంతన కుదరదు. ఆ టికెట్టును ఏం చేయాలన్నదే మిగతా సినిమా.

దీని మీద మీరు రాసినవాటిలో ఎక్కువగా కనిపించినవి మూడు మాటలు. సెకండాఫ్ సాగదీశాడన్నారు. లాజిక్ లేదన్నారు. దర్శకుడు ఎటువైపున్నాడో తేల్చుకోలేకపోయాడన్నారు. ఒకరు పోలీసులను కించపరిచే సినిమా అని రాస్తే, మరొకరు అన్నలను, అంటే నక్సలైట్లను, హత్యలు చేసేవాళ్లుగా చూపించిన సినిమా అని రాశారు. ఒకే సినిమా మీద ఈ రెండూ వచ్చాయి. నా అభ్యంతరాలు ఇవి.

1. పంచనామా సీన్‌ను మీరు చదివిన తీరు.

సెకండాఫ్ మొదట్లో శవ పంచనామా రాసే సీన్ ఉంది. కొంచెం నిడివి ఎక్కువే. మీలో చాలామంది దీన్నే సాగదీతకు ఉదాహరణగా చూపించారు. ఆ సీన్‌లో జరిగేదేమిటో ఒకసారి గుర్తు చేస్తాను. ఊళ్లోంచి ఇద్దరిని పంచులుగా, అంటే సాక్షులుగా, పట్టుకొస్తారు. ఒకాయన మేకలు కాసుకునే ముసలాయన. హెడ్ కానిస్టేబుల్ తొడ మీద అట్ట పెట్టుకుని రాస్తుంటాడు. ఏం రాస్తున్నాడో చదివి వినిపించకముందే ముసలాయన "ఏలు ఎక్కడ పెట్టాలె సారూ" అని అడుగుతాడు. కానిస్టేబుల్ చెయ్యి ఆగుతుంది. కాగితం కింది సగం ఇంకా ఖాళీగానే ఉంది. ముసలాయన ఆ ఖాళీలోనే వేలిముద్ర వేసి, మేకల వైపు చూసుకుంటూ వెళ్లిపోతాడు.

సినిమా మొత్తంలో అసలు టెన్షన్ ఇక్కడే ఉంది. తర్వాత ఆ ఖాళీ సగంలో ఏం రాస్తారన్నదే కథ. మా ప్రాంతంలో పెద్దవాళ్లను అడిగి చూడండి, ఆ ముసలాయన ఎందుకు అంత తొందరగా వేలు ముందుకు చాపాడో వాళ్లు చెబుతారు. 1978లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. రాత్రి దళం వచ్చి అన్నం అడిగితే పెట్టాలి. తెల్లారి స్పెషల్ పార్టీ పోలీసులు వచ్చి ఎందుకు పెట్టావని అడిగితే దెబ్బలు తినాలి. అలా బతికిన మనిషి పోలీసు కాగితం ముందు ప్రశ్నలు వేయడు.

లాజిక్ లేదన్న మాట కూడా ఈ సీన్ గురించే వచ్చింది. ఎన్‌కౌంటర్ అయ్యాక ఒక కాగితం గురించి, ఒక బస్సు టికెట్టు గురించి పోలీసులు అంత భయపడతారా అని ఒకరు రాశారు. భయపడాల్సిన పరిస్థితి ఉంది కాబట్టే మన రాష్ట్రంలో దశాబ్దాల న్యాయపోరాటం నడిచింది. పౌరహక్కుల సంఘం ఫిర్యాదుల మీద విచారణ చేసిన తర్వాతే 1997లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుపై అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్, పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందేనని, ఆత్మరక్షణ కోసమే కాల్చామన్న సంగతి కోర్టులో విచారణలోనే తేలాలని చెప్పింది. ఆ తీర్పు మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తర్వాత 2014లో సుప్రీంకోర్టే మరో కేసులో 16 మార్గదర్శకాలు ఇచ్చింది. సీఐడీ గానీ వేరే స్టేషన్ పోలీసులు గానీ దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి, పోస్టుమార్టం వీడియో తీయాలి, వాడిన ఆయుధాలను పరీక్షకు అప్పగించాలి, సాహసం నిస్సందేహంగా రుజువయ్యేదాకా పాల్గొన్నవాళ్లకు ప్రమోషన్లు, పతకాలు ఇవ్వకూడదు. ఇంత న్యాయ చరిత్ర వెనకున్న విషయాన్ని లాజిక్ లేదని ఒక్క వాక్యంలో కొట్టేయడం భావ్యమా?

2. మార్చురీ దగ్గర తల్లి సీన్.

ఇది అతికినట్టు లేదని, సెంటిమెంట్ కోసం పెట్టారని రాశారు. కొడుకు ఇల్లు వదిలి చాలా ఏళ్లయింది. శవాన్ని అప్పగించమంటే మీ కొడుకే అని రుజువేమిటని అడుగుతారు. ఆమె కొంగుముడి విప్పి పదో తరగతి హాల్ టికెట్ తీస్తుంది. అందులో ఫొటో చెదలు తినేసి ఉంటుంది. అంతే సీన్. ఏడుపు లేదు, పాట లేదు. ఇలాంటి నిరీక్షణలు నిజంగా ఉన్నాయి కాబట్టే అమరుల బంధుమిత్రుల సంఘం పుట్టింది. శవాలను ఇంటికి తెచ్చుకోవడానికే ఒక సంఘం పెట్టుకోవాల్సి వచ్చిన ప్రాంతం మాది. 2025 మేలో ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్ ఆస్పత్రి దగ్గర, ఎన్‌కౌంటర్‌లో పోయినవాళ్ల శవాల కోసం తెలుగు కుటుంబాలు పడిగాపులు కాసిన వార్తలు మీ పత్రికల్లోనే వచ్చాయి. మొదటి పేజీ వార్త సినిమా పేజీకి వచ్చేసరికి అతకని సెంటిమెంట్ ఎలా అయింది?

3. ఎటువైపో తేల్చుకోలేదన్న విమర్శ.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. మీరు దీన్ని లోపంగా రాశారు, కొందరు పిరికితనమని కూడా అన్నారు. నాకైతే ఈ సినిమాలో ఉన్న గొప్ప సుగుణం అదే.

ఈ చరిత్రను ఒక వైపు నుంచే చెప్పడం చాలా సులువు. 1985 సెప్టెంబర్ 2న కాజీపేట రైల్వేస్టేషన్‌లో ఎస్ఐ యాదగిరిరెడ్డిని నక్సలైట్లు కాల్చి చంపారు. మర్నాడు వరంగల్‌లో ఆయన అంతిమయాత్ర సాగుతున్న సమయంలోనే డాక్టర్ రామనాథంను ఆయన క్లినిక్‌లో కాల్చి చంపారు, చంపింది పోలీసులేనని ఆరోపణలు వచ్చాయి. ఆయన పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం నాయకుడు. ఒక్కరోజు తేడాతో, పక్కపక్క ఊళ్లలో రెండు చావులు. ఒకదాన్ని మాత్రమే చూపించే సినిమా తీస్తే అది ఎటువైపో తేల్చుకున్న సినిమా అవుతుంది. మీ లెక్కలో దానికి ఎక్కువ మార్కులు పడతాయా?

నక్సలైట్లను ఎదుర్కోవడానికి పెట్టిన ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్‌ను 1989లో నిలబెట్టిన ఐపీఎస్ అధికారి వ్యాస్‌ను 1993 జనవరిలో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నక్సలైట్లు కాల్చి చంపారు. 2008 జూన్‌లో ఒడిశాలోని బలిమెల రిజర్వాయర్‌లో లాంచీ మీద మావోయిస్టులు దాడి చేస్తే 38 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది గ్రేహౌండ్స్ జవాన్లు, చాలామంది మా ఊళ్లలాంటి ఊళ్ల నుంచి పోలీసు ఉద్యోగం కోసం వెళ్లినవాళ్లే. అంతకుముందు ఏడాది, 2007 ఆగస్టులో, అదే గ్రేహౌండ్స్ వాళ్లు కూంబింగ్‌కు వచ్చి తమపై అత్యాచారం చేశారని విశాఖ ఏజెన్సీలోని వాకపల్లికి చెందిన 11 మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. ఆ కేసు 2023 ఏప్రిల్ దాకా నడిచింది. దర్యాప్తు సరిగా జరగలేదన్న కారణంతో నిందితులంతా విడుదలయ్యారు, బాధితులకు పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పింది. బలిమెల జవాన్ల తల్లుల దుఃఖమూ నిజమే, వాకపల్లి మహిళల పదహారేళ్ల ఎదురుచూపూ నిజమే. రెండింటినీ ఒక కథలో పట్టుకోవాలని ప్రయత్నించిన కుర్రాణ్ణి పిరికివాడనడం నాకు మింగుడు పడలేదు.

రెండు వైపులనూ ప్రశ్నించిన మనుషులు మనకు లేకపోలేదు. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్‌ను 1987లో తూర్పుగోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు మరికొందరు అధికారులతో పాటు కిడ్నాప్ చేశారు. పదేళ్ల తర్వాత ఆయనే పౌరస్పందన వేదికకు ముందుండి, ఇటు ప్రభుత్వాన్ని, అటు నక్సలైట్ పార్టీలను హింస ఆపమని అడిగారు. 2004 అక్టోబర్‌లో ప్రభుత్వం, నక్సలైట్లు హైదరాబాద్‌లో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడారంటే దాని వెనక ఆ వేదిక ఏళ్ల శ్రమ ఉంది. పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ బూటకపు ఎన్‌కౌంటర్ల మీద జీవితమంతా పోరాడారు, అన్నల చేతుల్లో జరిగిన హత్యలను కూడా తప్పుపట్టారు, ఆ విభేదంతోనే 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. వీళ్లెవరినీ ఎటూ తేల్చుకోలేనివాళ్లు అని మనం అనుకోలేదు కదా. సినిమాలో ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో ఒక టైలర్‌ను దళం చంపే సీన్ ఉంది. ఆ టైలర్ కూతురు, ఎన్‌కౌంటరైన కుర్రాడి చెల్లెలు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకుంటారు. అలాంటి బెంచీలున్న బళ్లలోనే మా తరం చదువుకుంది. ఈ సీన్ గురించి నేను చదివిన ఏ సమీక్షలోనూ ఒక్క ముక్క లేదు.

4. తొలి సినిమా అన్న సంగతి.

పెద్ద హీరో సినిమాకు మీరు ఎంత రేటింగ్ ఇచ్చినా మొదటి మూడు రోజులు అభిమానులు హాళ్లు నింపుతారు. తొలి సినిమాకు, అందులోనూ పేరున్న నటులు లేని సినిమాకు, ఆ అండ ఉండదు. శుక్రవారం మ్యాట్నీ వదిలేలోపు వచ్చే ఆ అంకెను చూసే జనం టికెట్టు కొనాలో వద్దో నిర్ణయించుకుంటారు. మా టౌన్‌లో వారం తిరక్కుండానే షోలు తీసేశారు. ఆదివారం వెళ్దామనుకున్న మా స్కూల్ టీచర్లు కొందరికి చూసే వీలే లేకపోయింది. సినిమా బాగాలేకపోతే బాగాలేదని రాయడం మీ హక్కు, మీ బాధ్యత కూడా. కానీ ఇలాంటి సినిమా మీద మీ మాటకున్న బరువు పెద్ద సినిమా మీద ఉన్నదానికంటే చాలా ఎక్కువ. రేపు ఇంకొక కుర్రాడు ఇదే సబ్జెక్టుతో నిర్మాత దగ్గరికి వెళ్తే, ఆ రేటింగులు చూపించి వద్దంటారు. లేదంటే, హెడ్ కానిస్టేబుల్‌ను తీసేసి ఎస్పీని హీరోగా పెట్టి నాలుగు ఎలివేషన్లు వేయమంటారు.

5. చప్పట్ల సంగతి.

మీలో ఒకరు ఈ సినిమాలో హాలు దద్దరిల్లే ఎన్‌కౌంటర్ సీన్ లేకపోవడం మైనస్ అని రాశారు. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఆ ఎదురుకాల్పుల కథనం నమ్మదగినది కాదని తేల్చింది, పది మంది పోలీసులను హత్య కేసులో విచారించాలని చెప్పింది. ఆ పూలకు సినిమాలే కారణమని నేననను. ఆ రోజు జనంలో ఉన్న కోపం అర్థం చేసుకోగలను. కానీ ఎన్‌కౌంటర్ అంటే ఈల వేయాల్సిన సీన్ అని ఏళ్ల తరబడి తెర మీద చూసి అలవాటుపడ్డాం. ఆ అలవాటుకు లొంగని సినిమా ఒకటి వస్తే, ఈల లేదని మార్కులు కోయడం ఏం న్యాయం? నా క్లాసులో పిల్లలు ఎన్‌కౌంటర్ అన్న మాటను ఆటలో వాడుకుంటారు. వాళ్ల తాతలు ఆ మాట వింటే ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు.

సినిమాలో లోపాలు లేవని నేను చెప్పడం లేదు. దళ కమాండర్ పాత్ర మనిషిలా మాట్లాడదు, మీటింగులో ఉపన్యాసంలా మాట్లాడుతుంది. విలేకరి పాత్రను మధ్యలో వదిలేశారు. చివరి ఇరవై నిమిషాల్లో దర్శకుడికి తన కథ మీద నమ్మకం సడలి, హెడ్ కానిస్టేబుల్‌తో పెద్ద డైలాగులు చెప్పించాడు. అంతసేపు నోరు విప్పని మనిషి అంత మాట్లాడేసరికి బస్సు టికెట్టు బరువు పోయింది. ఇవి మీరు రాసి ఉంటే ఆ దర్శకుడికి రెండో సినిమాకు పనికొచ్చేవి. సాగదీత, లాజిక్, కనెక్ట్ కాలేదు అన్న మాటల్లో అతను నేర్చుకోవడానికి ఏముంది?

ఇంకొక కారణం వల్ల కూడా ఇది ఇప్పుడే రాయాలనిపించింది. మావోయిస్టు ఉద్యమాన్ని 2026 మార్చి 31కల్లా అంతం చేస్తామని కేంద్ర ప్రభుత్వం గడువు పెట్టుకుంది. 2025 మేలో పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాల కేశవరావు చనిపోయారు, నవంబర్‌లో మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు కమాండర్ హిడ్మా చనిపోయాడు. అక్టోబర్‌లో పార్టీ అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ మహారాష్ట్రలోని గడ్చిరోలిలో లొంగిపోయారు. యాభై ఏళ్లకు పైబడిన ఒక చరిత్ర ఇలా ముగింపుకొస్తోంది. ఆ రోజులు చూసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఇక రాబోయే పిల్లలకు ఆ కాలం తెలిసేది ఎక్కువగా సినిమాల్లోంచే. ఏది నిజానికి దగ్గరగా ఉందో, ఏది కాదో వాళ్లకు చెప్పగలిగిన స్థానంలో మీరున్నారు.

అందుకని మీ ముందు ఈ డిమాండ్లు పెడుతున్నాను.

1. కొత్త దర్శకుల తొలి సినిమాలకు విడుదల రోజే రేటింగ్ ఇవ్వడం మానండి. ఒక్కరోజు ఆగి, ఆలోచించి రాయండి. అంకె తప్పదనుకుంటే, ఏ సీన్లను బట్టి ఇచ్చారో చెప్పండి.

2. ఒక సినిమా పోలీసు వ్యతిరేకమనో నక్సల్ అనుకూలమనో రాసేటప్పుడు ఏ సీన్‌ను బట్టి అలా అంటున్నారో రాయండి. ఆధారం లేకుండా ఆ మాట వాడొద్దు. మీ పేజీలో అది ఒక్క పదమే కావచ్చు, కానీ దాన్ని పట్టుకుని ఊళ్లలో నటీనటులను, వాళ్ల ఇంటివాళ్లను నిలదీసేవాళ్లు ఉంటారు.

3. చట్టం, పోలీసు పద్ధతుల గురించి లాజిక్ లేదని రాసేముందు ఒక లాయర్‌ను గానీ, రిటైరైన పోలీసు అధికారిని గానీ, మీ పత్రికలోనే పనిచేసే క్రైమ్ విలేకరిని గానీ అడగండి. ఒక్క ఫోన్ కాల్ పని.

4. సంపాదకులకు ప్రత్యేకంగా: ఇలాంటి సినిమా వచ్చినప్పుడు మామూలు సమీక్షతో పాటు ఆ ప్రాంతాల్లో బతికిన ఒకరితో ఇంకో వ్యాసం రాయించండి. కానిస్టేబుల్ కుటుంబం నుంచి ఒకరు, దళంలో కొడుకునో కూతుర్నో పోగొట్టుకున్న కుటుంబం నుంచి ఒకరు రాస్తే ఇంకా మంచిది. ఓటీటీలోకి వచ్చినప్పుడైనా ఈ సినిమా మీద ఆ పని చేయండి.

5. సమీక్షలో తప్పుందని పాఠకులు ఆధారాలతో రాస్తే, ఆ ఉత్తరాన్ని ప్రచురించండి. దానికి సమీక్షకుడి జవాబు కూడా పక్కనే వేయండి.

వీటిలో ఏది మీ వల్ల కాదో, ఎందుకు కాదో చెప్పినా వింటాను. నా ఉత్తరాల్లో ఏ సమీక్షలో ఏ వాక్యం మీద అభ్యంతరమో విడివిడిగా రాశాను, అవి మీ దగ్గరే ఉన్నాయి. వాటికి జవాబును ఆ సమీక్ష వచ్చిన పేజీలోనే ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రేక్షకుడు,
పూర్వపు కరీంనగర్ జిల్లా